జరాసీమ్‌కి మూడు పేర్లు

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకి జరాసీమ్ అంటే తెలుసు. ఏడో జమాత్‌లోనో ఎనిమిదో జమాత్‌లోనో సైన్స్ కితాబులో ఒక సబక్ ఉండేది. కంటికి కనబడని ప్రాణులు, ఖుర్దబీన్‌లో మాత్రమే కనబడతాయి, కొన్ని ఫాయిదా చేస్తాయి, కొన్ని నుఖ్సాన్ చేస్తాయి. అంతవరకే. మా స్కూల్లో ఖుర్దబీన్ లేదు. మా సైన్స్ ఉస్తాద్ బోర్డు మీద సుద్దముక్కతో ఒక గుండు, ఒక కడ్డీ, ఒక స్ప్రింగు గీసి, "ఏ తీన్ షకలా యాద్ రఖో, ఇమ్తెహాన్ మే ఆతీఁ" అనేవారు. మేం యాద్ పెట్టుకున్నాం. ఇమ్తెహాన్‌లో వచ్చాయి కూడా.

డిగ్రీకి తెలుగులోకి మారాక అవే సూక్ష్మజీవులు అయ్యాయి. పత్రికలో చేరి, వానాకాలం రాగానే డయేరియా వార్తలు, డెంగీ వార్తలు రాయడం మొదలుపెట్టాక అవే బాక్టీరియా, వైరస్ అయ్యాయి. ఒకే జీవికి మూడు పేర్లు. నా వరకు నష్టమేమీ లేదు, వార్తకి ఏదో ఒక పేరు చాలు. కానీ మా ఆపా కూతురు నర్సింగ్‌లో చేరాక ఈ మూడు పేర్ల సంగతి మా ఇంట్లో పెద్ద మస్‌అలా అయింది.

ఆ పిల్లని ఇంట్లో గుడియా అంటాం. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఇంటర్ బైపీసీ ఇంగ్లీషు మీడియం, ఏడుస్తూనే పాసయింది. తర్వాత బి.ఎస్సీ. నర్సింగ్. సీటు వచ్చిన రోజు ఇంట్లో మిఠాయి పంచలేదు, పంచాయితీ పెట్టారు. మగ మరీజుల్ని ముట్టుకోవాలి కదా, నైట్ డ్యూటీ ఉంటుంది కదా, రేపు రిష్తా వచ్చినప్పుడు ఏం చెప్పాలి? మా పెద్ద ఖాలూ ఒకాయన రుఫైదా బీబీ పేరు ఎత్తారు. రసూలుల్లా కాలంలో గాయపడ్డవాళ్లకి ఖైమా వేసి మరీ సేవ చేసిన సహాబియా ఆమె. అందరూ "సుబ్‌హానల్లా" అన్నారు. ఆ వెంటనే నైట్ డ్యూటీ దగ్గరికి వచ్చారు. మనవాళ్లతో ఇదే తమాషా. రుఫైదా బీబీ పేరు జల్సాలో బాగుంటుంది, హాజరీ రిజిస్టర్‌లో మన పిల్ల పేరు ఉండకూడదు.

చివరికి ఆపా ఒక్క మాట అన్నది. "నా ఆపరేషన్ టైంలో రాత్రంతా నా పక్కన కూచున్నది ఎవరి బిడ్డో. ఆమె వాళ్ల ఇంట్లో కూడా ఇట్లానే పంచాయితీ పెట్టి ఆపేసి ఉంటే?" అంతే, పంచాయితీ ముగిసింది.

కాలేజీలో పిల్లని భయపెట్టింది శవం కాదు, రక్తం కాదు. మైక్రోబయాలజీ. ఇప్పుడు సిలబస్‌లో దాని పేరు అప్లైడ్ మైక్రోబయాలజీ అండ్ ఇన్ఫెక్షన్ కంట్రోల్. ఒక రాత్రి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "మామూ, ఒక్కో పేరు రైలుబండి అంత ఉంది. స్టెఫైలోకాకస్ ఆరియస్. క్లెబ్సియెల్లా న్యుమోనియే. బట్టీ పట్టి పట్టి జబాన్ నొప్పి పుడుతోంది. నా వల్ల కాదు, వచ్చేస్తా." వెనక నుంచి ఏడుపు వినబడుతూనే ఉంది. నేను సైన్సు మనిషిని కాదు. కానీ ఇరవై ఏళ్లుగా నా నౌక్రీ ఏమిటంటే, నాకు తెలియనిదాన్ని తెలిసినవాళ్లని అడిగి, తెలియనివాళ్లకి అర్థమయ్యేట్టు రాయడం. "ఇతవార్ ఇంటికి రా, ఆ కితాబు తీసుకురా, ఇద్దరం చదువుదాం" అన్నాను.

మొదటి రోజు మేం చేసిన పని ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, ప్రతి పేజీలో మూడు గళ్లు గీయడం. ఒక గడిలో ఇంగ్లీషు, ఒక గడిలో ఉర్దూ, ఒక గడిలో తెలుగు. మైక్రోస్కోప్, ఖుర్దబీన్, సూక్ష్మదర్శిని. సెల్, ఖలియా, కణం. ఫంగస్, ఫఫూంద్, శిలీంధ్రం. ఎపిడెమిక్, వబా, మహమ్మారి. ఇమ్యూనిటీ, ఖువ్వతె ముదాఫిఅత్, రోగనిరోధక శక్తి. వ్యాక్సిన్ దగ్గరికి వచ్చేసరికి గుడియా నవ్వింది. ఉర్దూలోనూ టీకానే, తెలుగులోనూ టీకానే.

పారసైట్ దగ్గర నేను కలం పక్కన పెట్టాను. ఉర్దూలో దాన్ని తుఫైలీ అంటారు. కూఫా నగరంలో తుఫైల్ అనే ఒకాయన ఉండేవాడట, పిలవని దావత్‌లకి వెళ్లి దస్తర్‌ఖాన్ ముందు కూచునేవాడట. ఆయన పేరు మీద ఆ మాట. తెలుగులో పరాన్నజీవి, అంటే పరుల అన్నం మీద బతికేది. ఇంగ్లీషు మాట కూడా గ్రీకు నుంచి వచ్చింది, అన్నం పక్కన కూచునేవాడు అని దాని అర్థం. మూడు భాషలవాళ్లూ ఒకే దావత్‌లో ఒకే మనిషిని చూశారు! నులిపురుగు, మలేరియా క్రిమి ఇవన్నీ ఆ ఖాందాన్‌వే. గుడియా ఆ మాటని ఇక మర్చిపోలేదు. మా చుట్టాల్లో ఒకాయనకి ఆ పేరు పెట్టేసింది కూడా, ఆయన ఎవరో ఇక్కడ రాయను.

ఈ ఉర్దూ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో మన పిల్లలకి చెప్పాలి. 1918లో హైదరాబాద్‌లో జామియా ఉస్మానియా మొదలైనప్పుడు అక్కడ తాలీం ఉర్దూలో. దానికోసం అంతకు ముందే, 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. సైన్సు కితాబులు, తిబ్ కితాబులు ఇంగ్లీషు నుంచి ఉర్దూలోకి తర్జుమా చేయడం, కొత్త ఇస్తిలాహాత్ తయారు చేయడం దాని పని. ఉస్మానియా మెడికల్ కాలేజీలో డాక్టర్లు ఉర్దూలో చదివి పాసయిన కాలం ఒకటి ఉంది. 1948 తర్వాత ఆ దౌర్ పోయింది, ఇంగ్లీషు వచ్చింది. అది మళ్లీ రావాలని నేను అనడం లేదు. మందు సీసా మీద ఇంగ్లీషే ఉంటుంది, కేస్ షీట్ ఇంగ్లీషులోనే రాయాలి. కానీ ఉర్దూ మీడియం పిల్ల మైక్రోబయాలజీ క్లాసులో తల వంచుకుని కూచోవాల్సిన పని లేదు. ఆమె జబాన్ ఈ ఇల్మ్‌కి పరాయిది కాదు.

ఆ మాటకొస్తే ఈ ఇల్మ్‌ని మొదలుపెట్టినవాడికే పెద్ద చదువు జబాన్ రాదు. హాలెండ్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్లో లేవెన్‌హుక్ అని ఒక బట్టల వ్యాపారి. యూనివర్సిటీ ముఖం చూడలేదు. ఆ రోజుల్లో ఆలిములంతా లాటిన్‌లో రాసేవాళ్లు, ఆయనకి లాటిన్ రాదు, డచ్ తప్ప ఇంకేదీ రాదు. తన చేత్తో అద్దాలు అరగదీసి ఖుర్దబీన్‌లు తయారు చేసుకున్నాడు. చెరువు నీళ్లు, వాన నీళ్లు, తన పళ్ల మీద పాచి, ఏది దొరికితే అది చూశాడు. లోపల కదులుతున్న చిన్న చిన్న జానవర్లని చూసి 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఖత్ రాశాడు, డచ్‌లోనే. వాళ్లే తర్జుమా చేయించుకున్నారు. ఇది చెప్పినప్పుడు గుడియా కళ్లలో ఒక మెరుపు చూశాను. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుతూ తనే ఆపాకి ఆ కథ చెప్పింది, బట్టల దుకాణం అనే దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి. మా బావ ఫుట్‌పాత్ మీద బట్టలు అమ్ముతారు.

తర్వాత జరాసీమ్ పెరిగే లెక్క. ఈ. కోలై అనే బాక్టీరియా మన పేగుల్లోనే ఉంటుంది. తిండి, తేమ, వెచ్చదనం దొరికితే 20 నిమిషాలకి ఒకటి రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. కాగితం మీద వేసి చూద్దాం అన్నాను. గంటకి మూడుసార్లు, ఏడు గంటలకి 21 సార్లు. కాలిక్యులేటర్‌లో గుడియా నొక్కుతూ పోయింది, ఒక్కటి మొదలై 20,97,152 అయింది. పక్కనే కూచుని పాన్ కట్టుకుంటున్న అమ్మీ, "యా అల్లా, ఒక్కటే?" అన్నది.

అక్కడి నుంచి మాట వలీమా బిర్యానీ మీదికి వచ్చింది. మనిళ్లలో దావత్ అయ్యాక మిగిలిన బిర్యానీ దేగ్‌లోనే మూతపెట్టి పొద్దున దాకా ఉంచుతాం. పొద్దున వేడి చేసి తింటాం. వేడి చేస్తే అన్నీ చస్తాయి అని మన యఖీన్. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అని ఒక రకం ఉంటుంది. దానికి కష్టం వస్తే గట్టి పెంకులాంటి రూపంలోకి వెళ్లి నిద్రపోతుంది. దాన్ని స్పోర్ అంటారు. అన్నం ఉడికినా ఆ స్పోర్ చావదు. దేగ్ మెల్లగా చల్లారుతుంటే లేచి పెరుగుతుంది, ఒక విషం తయారు చేస్తుంది. పొద్దున వేడి చేస్తే జరాసీమ్ చావొచ్చు, ఆ విషం మాత్రం పోదు. అందుకే తెల్లారి వాంతులు. మనం మాత్రం నజర్ లగీ అంటాం. మిగిలిన బిర్యానీని దేగ్‌లోంచి తీసి, వెడల్పాటి పళ్లేల్లో పరిచి చల్లార్చి, రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇది నర్సింగ్ కాలేజీకి వెళ్లకుండానే మన ఆడవాళ్లూ మగవాళ్లూ నేర్చుకోవాల్సిన మైక్రోబయాలజీ.

ఆ స్పోర్‌లని చంపడానికే దవాఖానాలో ఆటోక్లేవ్. మామూలుగా మరిగే నీళ్లు 100 డిగ్రీలు దాటవు. ఆవిరిని బంధించి 15 పౌండ్ల ఒత్తిడి పెడితే 121 డిగ్రీలకి చేరుతుంది. ఆ వేడిలో 15 నిమిషాలు ఉంచితే స్పోర్‌లు కూడా ఖతం. "అంటే మన ప్రెషర్ కుక్కరే కదా" అన్నది అమ్మీ. అవును, అదే ఉసూల్. అమ్మీకి చదువు నాలుగో జమాతే, కానీ నలభై ఏళ్ల కుక్కర్ తజుర్బా ఉంది.

గ్రామ్ స్టెయిన్ అనేది గుడియాకి ఎంతకీ ఎక్కలేదు. నేను రంగ్రేజ్ కథ చెప్పాను. దుపట్టాలకి రంగు వేసేవాణ్ణి చూశావు కదా, మందపాటి బట్ట రంగు పట్టేస్తే ఉతికినా వదలదు, పల్చటి బట్ట వదిలేస్తుంది. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డాక్టర్ 1884లో ఈ తరీఖా చెప్పాడు. ఊదా రంగు క్రిస్టల్ వయొలెట్ వేయాలి, అయోడిన్‌తో దాన్ని బిగించాలి, ఆల్కహాల్‌తో కడగాలి, చివర సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేయాలి. గోడ మందంగా ఉన్న బాక్టీరియా ఊదా రంగుని వదలదు, అది గ్రామ్ పాజిటివ్. గోడ పల్చగా ఉన్నది ఊదాని వదిలేసి చివరి ఎరుపుని తీసుకుని గులాబీ రంగులో కనిపిస్తుంది, అది గ్రామ్ నెగటివ్. కల్చర్ రిపోర్ట్ రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, టీబీకైతే వారాలు. ఈ రంగు మాత్రం కొన్ని నిమిషాల్లో తేలుతుంది. దుష్మన్ ఏ ఖబీలావాడో ముందే తెలిస్తే డాక్టర్ మందు ఎంచుకోవడానికి దారి దొరుకుతుంది.

ఇందులో నర్సు పని ఎక్కడ? సాంపిల్ తీసే చేతిలో ఉంది. బ్లడ్ కల్చర్ వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. చర్మం సరిగ్గా శుభ్రం చేయకుండా సూది గుచ్చితే, చర్మం మీద హాయిగా బతుకుతున్న జరాసీమ్ సీసాలోకి వెళ్తాయి. రిపోర్ట్ వాటి పేరు చెబుతుంది. మరీజ్‌కి లేని జబ్బుకి మందు నడుస్తుంది. ల్యాబ్ ఎంత మంచిదైనా సాంపిల్ ఝూటా అయితే జవాబు ఝూటా. మా పత్రిక పనిలోనూ అంతే.

యాంటీబయాటిక్ దగ్గర ఇంకో ముచ్చట. అవి బాక్టీరియా మీద పనిచేస్తాయి, వైరస్ మీద చేయవు. జలుబుకీ, మామూలు వైరల్ జ్వరానికీ మందుల దుకాణంలో మూడు గోళీలు అడిగి మింగడం అంటే ఇంట్లో లేని దొంగ కోసం ఇంటివాళ్లని కొట్టడం. మన లోపలి మంచి బాక్టీరియా చస్తుంది, మిగిలినవి ఆ మందుని తట్టుకోవడం నేర్చుకుంటాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడే, 1948లో ఆరియోమైసిన్ లోకానికి వచ్చింది. టెట్రాసైక్లిన్ ఖాందాన్‌లో అది మొదటిది. మట్టిలో ఉండే ఒక జీవి నుంచే తీశారు దాన్ని. అంత మెహనత్‌తో వచ్చిన హథియార్‌ని జలుబు మీద మొద్దుబార్చుకుంటున్నాం.

ఇక ఈ చదువులో నన్ను కదిలించిన సబక్ గురించి. వియన్నా జనరల్ హాస్పిటల్, 1847. అక్కడ రెండు కాన్పు వార్డులు. ఒకదాంట్లో డాక్టర్లూ మెడికల్ స్టూడెంట్లూ, రెండోదాంట్లో దాయీలు. డాక్టర్ల వార్డులోనే తల్లులు ఎక్కువ చనిపోయేవాళ్లు. ఆ వార్డులో వద్దని ఆడవాళ్లు కాళ్లు పట్టుకునేవాళ్లు. సెమ్మెల్వైస్ అనే డాక్టర్‌కి ఇది నిద్రపట్టనివ్వలేదు. శవపరీక్షలో కత్తి గుచ్చుకుని ఆయన దోస్త్ ఒకరు చనిపోయారు. ఆ జబ్బు అచ్చం బాలింతల జబ్బులాగే ఉంది. అప్పుడు తెలిసింది, డాక్టర్లు శవాలు కోసి, అదే చేతులతో వచ్చి కాన్పులు చేస్తున్నారని. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కుని తీరాలని హుకుం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన ఆ వార్డులో, జూన్‌లో ఇద్దరే. పెద్ద డాక్టర్లకి మాత్రం కోపం వచ్చింది. షరీఫుల చేతులు మైలవి ఎట్లా అవుతాయి అని. సెమ్మెల్వైస్ 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. ఆ జ్వరం తెచ్చే బాక్టీరియాని, గొలుసులా ఉండే స్ట్రెప్టోకాకస్‌ని, పాశ్చర్ 1879లో పారిస్‌లో బోర్డు మీద గీసి చూపించాడు.

ఇది నేను పైకి చదువుతుంటే అమ్మీ పాన్‌దాన్ మూసేసింది. అమ్మీకి ఒక ఆపా ఉండేది. నేను పుట్టకముందే పోయింది, మొదటి కాన్పు అయిన ఐదో రోజు. వణుకు, జ్వరం, కడుపునొప్పి, మాటలు తడబడటం. నజర్ లగీ అన్నారు, అసర్ అన్నారు, తావీజ్ కట్టారు, నీళ్లు దమ్ చేయించారు. మా ఇంట్లో ఆమె గురించి అంతకు మించి ఎవరూ మాట్లాడరు.

"దాయీ చేతుల్లో ఉండిందా బేటా?" అని అడిగింది అమ్మీ.

ఉండొచ్చు, చేతుల్లో, బొడ్డు కోసిన బ్లేడులో, వాడిన గుడ్డలో ఎక్కడైనా ఉండొచ్చు అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆమె మంచిది. మా అందర్నీ ఆమే పుట్టించింది. ఆ రాత్రి మా ఆపా పక్కన ఆమె కూడా ఏడ్చింది. ఆమెకి ఎవరూ చెప్పలేదు" అన్నది. ఆ చివరి మాట దగ్గర గుడియా తల ఎత్తి నానీని చూసింది. ఆ రోజు నుంచి నా వల్ల కాదు అనే మాట ఆ పిల్ల నోట వినలేదు.

మలేరియా పాఠం వచ్చినప్పుడు మన ఇలాఖా కథ ఉంది. 20 ఆగస్టు 1897న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే ఫౌజీ డాక్టర్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ ఇనామ్ వచ్చింది. నల్లకుంట ఫీవర్ దవాఖానాకీ, బేగంపేటలోని సంస్థకీ ఆయన పేరే. ఆ దోమలు ఎవరి రక్తం తాగాయి? హుసేన్ ఖాన్ అనే మలేరియా మరీజ్‌ది. దోమతెరలో పడుకుని కుట్టించుకున్నందుకు దోమకి ఒక అణా ఇచ్చారు. ఇది నేను గొప్పగా చెప్పుకొచ్చాను, చూశావా మనవాడి రక్తంతో నోబెల్ వచ్చింది అని. గుడియా అంతా విని, "మామూ, ఆయనకి నయమైందా?" అని అడిగింది. పుస్తకంలో ఆ జవాబు లేదు. కానీ అది నర్సు అడిగే సవాల్. నేను రిపోర్టర్‌ని, నాకు నోబెల్ కనిపించింది. ఆమెకి మంచం మీద మనిషి కనిపించాడు.

చేతుల సంగతి వచ్చేసరికి ఒక చిక్కు. గుడియా యూనిఫాం కింద ఫుల్ స్లీవ్స్ వేసుకుంటుంది. ఇంటి షర్త్ కూడా అదే. కాలేజీలో మాత్రం మరీజ్‌ని ముట్టుకునేటప్పుడు మోచేతుల కింద ఏమీ ఉండకూడదంటారు. ఉంగరం, గాజులు, వాచీ, పొడుగు గోళ్లు, చేతిగుడ్డ ఏదీ వద్దు. చేతిగుడ్డ అంచు ఒక గాయాన్ని తాకి ఇంకో గాయాన్ని తాకుతుంది, దాన్ని ఎవరూ కడగరు. ఇంట్లో మళ్లీ పంచాయితీ పెట్టే లోపలే గుడియా అన్నది: "వజూకి మోచేతుల దాకా మడుస్తాం కదా. అంతే మడుస్తా, డ్యూటీ అయ్యాక దించుకుంటా." ఎవరూ ఏమీ అనలేకపోయారు.

అయితే వజూ చేసే అలవాటు ఉంది కాబట్టి హ్యాండ్‌వాష్ తెలిసినట్టే అనుకోవద్దు. వజూ ఇబాదత్ కోసం, ఇది మరీజ్ హిఫాజత్ కోసం. సబ్బు కావాలి, అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల చివర్లు, అన్నీ కలిపి 40 నుంచి 60 సెకన్లు. చేతికి కంటికి కనిపించే మురికి లేకపోతే ఆల్కహాల్ రబ్ 20 నుంచి 30 సెకన్లు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సందర్భాలు చెప్పింది. మరీజ్‌ని ముట్టుకునే ముందు, శుభ్రంగా చేయాల్సిన ప్రక్రియకి ముందు, రక్తం లాంటివి తగిలే ప్రమాదం తర్వాత, మరీజ్‌ని ముట్టుకున్న తర్వాత, అతని చుట్టుపక్కల వస్తువుల్ని ముట్టుకున్న తర్వాత. కొన్ని స్పోర్‌లు ఆల్కహాల్‌కి లొంగవు, అక్కడ సబ్బూ నీళ్లే దిక్కు.

ఈ పాఠానికి ఇమ్తెహాన్ కాలేజీలో రాకముందే మా ఇంట్లో వచ్చింది. అబ్బాకి షుగర్. కాలి వేలికి పుండు పడి ఒక దవాఖానాలో చేర్చాం. పొద్దున డ్రెస్సింగ్‌కి వచ్చిన సిస్టర్ పక్క మంచం ఆయన పుండు విప్పి కట్టి, అవే గ్లౌజులతో అబ్బా కాలు పట్టుకోబోయింది. నేను గమనించలేదు. గ్లౌజులు ఉన్నాయి కదా, సాఫ్‌గానే ఉంటుంది అనుకుంటాం మనం. గుడియా లేచి నిలబడింది. "సిస్టర్, మాఫ్ కరో, గ్లౌజులు మార్చండి" అన్నది, గొంతు వణుకుతూనే. ఆ సిస్టర్ కోపంగా చూసింది. "నువ్వెవరు నాకు చెప్పడానికి?" "ఫస్ట్ ఇయర్ స్టూడెంట్‌ని సిస్టర్. మా తాతయ్య."

సిస్టర్ గ్లౌజులు తీసి పారేసింది, చేతులు కడుక్కుంది, కొత్తవి వేసుకుంది. డ్రెస్సింగ్ అయ్యాక వెళ్తూ గుడియాతో నెమ్మదిగా అన్నది: "నలభై మంచాలు, ఒక్కదాన్నే, పొద్దున ఇచ్చిన డబ్బా అయిపోవస్తోంది. నువ్వు చెప్పింది కరెక్టే. నువ్వు డ్యూటీలోకి వచ్చాక కూడా ఇట్లానే ఉండు." అబ్బాకి వేలు ఒకటి తీసేయాల్సి వచ్చింది, కాలు దక్కింది. అల్‌హమ్దులిల్లా. ఆ సిస్టర్ మీద నాకు కోపం లేదు. నలభై మంచాలకి ఒక్క మనిషినీ ఒక్క డబ్బానీ లెక్క కట్టినవాళ్ల మీద ఉంది.

మీ ఇంట్లో పిల్ల నర్సింగ్‌లోనో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోనో చేరుతుంటే బుర్ఖా, హాస్టల్, బస్సు గురించి అడగండి, తప్పు లేదు. వాటితో పాటు ఇవి కూడా అడగండి. హెపటైటిస్ బి టీకా వేయించారా? మూడు డోసులు, మొదటిదాని తర్వాత నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదని నేర్పారా? గుచ్చుకుంటే పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే పైవాళ్లకి చెప్పాలని తెలుసా? హెచ్ఐవి నుంచి కాపాడే మందు వీలైతే గంటల్లోనే, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల లోపల మొదలుపెట్టాలి. తిడతారేమో అని దాచుకుంటే ఆ గంటలు పోతాయి. డబ్బాల రంగులు వచ్చా? రక్తం అంటిన దూది, కట్లు పసుపులో, ప్లాస్టిక్ గొట్టాలు ఎరుపులో, సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో. తప్పు డబ్బాలో వేసిన సూది సాయంత్రం చెత్త ఎత్తే ఆయన చేతిలో దిగుతుంది. ఆయనా ఎవరికో అబ్బానే.

గుడియా ఆ పేపర్ పాసయింది. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు, పాసయింది. ఇంగ్లీషులోనే రాసింది. అర్థం చేసుకున్నది మూడు భాషల్లో. మా మూడు గళ్ల నోట్‌బుక్ జిరాక్సులు ఇప్పుడు మా మొహల్లాలో ఇంకో ఇద్దరు అమ్మాయిల దగ్గర ఉన్నాయి. ఒకమ్మాయి వాళ్ల అబ్బా ఇంకా ఒప్పుకోలేదు. మొన్న జుమా తర్వాత మసీదు మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఆప్ కీ భాంజీ కో క్యా ఫాయిదా హువా భాయ్?" అని అడిగారు. జీతం లెక్క చెప్పమంటున్నారని అర్థమైంది, అది కూడా చెప్పాను. తర్వాత మా అమ్మీ ఆపా సంగతి చెప్పాను. ఆయన చెప్పులు వేసుకుంటూ కాసేపు ఆగారు. వాళ్లింట్లో కూడా అట్లాంటి పేరు ఒకటి ఉందట. అమ్మాయిని ఇతవార్ మా ఇంటికి పంపిస్తామన్నారు.